కంపెనీలో రీసెర్చ్: డంప్ తీసుకునే ముందు ఆ డంప్ ఎలా తయారైందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నారు, కోడ్ రివ్యూ (ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి సరిచూడటం) బాగా చేస్తే ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే సాఫ్ట్‌వేర్‌లో, బగ్గులు తగ్గుతాయా అనేది ఒక నిజమైన కంపెనీలో చూడాలనుకుంటున్నారు, గచ్చిబౌలిలో మేనేజర్‌గా ఉన్న మీ ఫ్రెండ్ "రెండేళ్ల జిరా డంప్, గిట్ లాగ్ ఇచ్చేస్తాలే" అన్నాడు (జిరా అంటే బగ్గుల్ని, పనుల్ని టికెట్లుగా ఎక్కించే టూల్, గిట్ లాగ్ అంటే కోడ్‌లో చేసిన ఒక్కో మార్పు, అంటే కమిట్, చరిత్ర), కాబట్టి దాని మీద ఏ స్టాటిస్టికల్ టెస్ట్ వెయ్యాలి, ఎంతమందిని ఇంటర్వ్యూ చేస్తే పేపర్‌కి సరిపోతుంది అని అడుగుతున్నారు.

టెస్ట్ సంగతి తర్వాత చూద్దాం, అసలు ఆ డంప్‌ని ఇప్పుడే తీసుకోకండి. నేను చాలా ఏళ్లు డెవలపర్‌గా, లీడ్‌గా చేసి ఆ తర్వాత రీసెర్చ్ వైపు వచ్చినవాణ్ణి. ఒకప్పుడు జిరాలో టికెట్లు నింపిన మనిషిని, ఇప్పుడు వేరేవాళ్లు నింపినవి చదువుతున్నా. అందుకే నాకు ఏ కంపెనీ డంప్ చూసినా మొదట వచ్చే డౌట్ "ఈ నంబర్ ఎవరికి చూపించడానికి ఎక్కించారు" అనే. క్లయింట్‌కా, డెలివరీ హెడ్‌కా, అప్రైజల్‌కా, ఆడిట్‌కా? మీ పీహెచ్‌డీ కోసమైతే కాదు కదా.

ఒక టీమ్‌లో దగ్గరుండి చూసింది చెప్తా, కంపెనీ పేరు అనవసరం. గురువారం ప్రొడక్షన్‌లో ఒక బగ్ వచ్చింది, సపోర్ట్ కుర్రాడు సెవిరిటీ 2 అని పెట్టాడు (నంబర్ ఎంత తక్కువైతే అంత తీవ్రం). అక్కడ సెవిరిటీ 2 అంటే వెంటనే బ్రిడ్జ్ కాల్ (అందరూ చేరే అత్యవసర కాల్) తెరవాలి, రూట్ కాజ్ డాక్యుమెంట్ రాయాలి, నెలాఖరు క్లయింట్ మీటింగ్‌లో ఒక స్లైడ్ ఎక్కుతుంది. టీమ్స్ చాట్‌లో లీడ్ మెసేజ్ పెట్టాడు, "బాబూ, వర్కరౌండ్ ఉంది కదా, 3 చేసెయ్" అని. చేసేశాడు. శుక్రవారం ఫిక్స్ వెళ్లింది, టికెట్ క్లోజ్. సోమవారం అదే సమస్య మళ్లీ వచ్చింది, కానీ పాత టికెట్ రీఓపెన్ చేస్తే డాష్‌బోర్డ్‌లో రీఓపెన్ కౌంట్ పెరుగుతుంది కాబట్టి దాన్ని క్లోన్ చేసి కొత్త టికెట్ వేశారు, టైప్ మాత్రం బగ్ కాదు, ఎన్‌హాన్స్‌మెంట్. ఇప్పుడు మీ ఎక్సెల్‌లోకి ఏం వస్తుంది? చిన్న బగ్ ఒకటి, టైమ్‌కి క్లోజ్ అయినట్టు, ఇంకో కొత్త ఫీచర్ ఒకటి. నిజానికి జరిగింది ఒక పెద్ద బగ్, సరిగ్గా ఫిక్స్ కాక తిరిగొచ్చింది. ఇందులో ఎవరూ మోసం చెయ్యలేదు, వాళ్ల ఎస్‌ఎల్‌ఏ (ఎంత టైమ్‌లో ఏం సరిచెయ్యాలో క్లయింట్‌తో చేసుకున్న ఒప్పందం) రాసిన తీరుకి ఎవరైనా అలాగే చేస్తారు, ఆ సీట్లో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

ఇదేదో మన సర్వీస్ కంపెనీల జబ్బు అనుకోకండి. కిమ్ హెర్జిగ్, సాషా జుస్ట్, ఆండ్రియాస్ జెల్లర్ కలిసి 2013లో 5 ఓపెన్ సోర్స్ జావా ప్రాజెక్టుల్లో 7,000 పైచిలుకు ఇష్యూ రిపోర్టుల్ని ఒక్కొక్కటీ చేత్తో చదివి మళ్లీ వర్గీకరించారు. బగ్ అని లేబుల్ ఉన్నవాటిలో 33.8 శాతం అసలు బగ్గులే కావు. ఆ లేబుళ్లని నమ్మి "ఈ ఫైల్లో డిఫెక్ట్ ఉంది" అని గుర్తు పెట్టిన ఫైళ్లలో సగటున 39 శాతంలో ఎప్పుడూ బగ్ లేదు. క్లయింట్ లేడు, ఎస్‌ఎల్‌ఏ లేదు, అప్రైజల్ లేదు, అయినా ఇంత తేడా. ఇక డబ్బులు, పెనాల్టీలు ముడిపడిన చోట మీరే ఊహించుకోండి.

కోడ్ రివ్యూ డేటా కూడా ఇదే బాపతు. పుల్ రిక్వెస్ట్ (పీఆర్, అంటే నా మార్పుని మెయిన్ కోడ్‌లో కలపమని అడగడం) తెరిచిన రెండు నిమిషాలకే అప్రూవ్ అయి ఉంటుంది, కామెంట్లు సున్నా. లాగ్ మాత్రమే చూసేవాళ్లు "రబ్బర్ స్టాంప్ రివ్యూ" అని రాసేస్తారు. కానీ అదే టీమ్ పక్కన కూర్చుంటే తెలుస్తుంది, ఆ ఇద్దరూ పొద్దున స్క్రీన్ షేర్ పెట్టుకుని గంటసేపు ఆ కోడ్ మీదే కొట్టుకున్నారు, పీఆర్ అనేది చివర్న ప్రాసెస్ కోసం తెరిచింది. ఇంకో టీమ్‌లో అదే రెండు నిమిషాల అప్రూవల్‌కి అర్థం వేరు, సాయంత్రం రిలీజ్ బ్రాంచ్ కట్ చేస్తున్నారు, చూసే టైమ్ లేదు, కొట్టెయ్యి అంతే. డేటాలో రెండు వరసలూ అచ్చం ఒకేలా ఉంటాయి. పైగా మెర్జ్ చేసేటప్పుడు స్క్వాష్ చేసే (కమిట్లన్నిటినీ ఒక్కటిగా కలిపేసే) టీమ్ అయితే మధ్యలో రివ్యూ వల్ల మారిన కమిట్లు మెయిన్ బ్రాంచ్‌లో కనపడవు, అప్పుడు గిట్ లాగ్ ఒక్కటే తెచ్చుకుంటే రివ్యూ ఏం మార్చిందో మీకు తెలిసే దారే లేదు, రివ్యూ టూల్‌లో ఉన్న చర్చ కూడా కావాలి.

కాబట్టి నా సలహా, మొదటి కొన్ని వారాలు డేటా ఎక్స్‌పోర్ట్ జోలికి పోకుండా ఆ టీమ్‌తో కూర్చోండి. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్) మూల నిలబడి వినండి, రివ్యూ చేస్తుంటే పక్కన చూడండి, డంప్‌లో ఉండబోయే ఒక్కో కాలమ్ గురించి అడగండి: ఇది ఎవరు నింపుతారు, ఎప్పుడు నింపుతారు, నింపకపోతే ఏమవుతుంది, ఎక్కువ కనిపిస్తే ఎవరికి ఇబ్బంది, తక్కువ కనిపిస్తే ఎవరికి. టైమ్‌షీట్ అయితే అడగక్కర్లేదు, శుక్రవారం సాయంత్రం ఐదు రోజులకీ కలిపి 8, 8, 8 అని కొట్టేస్తారు, ఆ ఎఫర్ట్ డేటాతో ప్రొడక్టివిటీ లెక్కలేసిన పేపర్లు చూస్తే నాకు నవ్వొస్తుంది. స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంచనా) కూడా అంతే, మేనేజ్‌మెంట్ వెలాసిటీ (ఒక విడతలో ఎన్ని పాయింట్ల పని అయింది) అడగడం మొదలుపెట్టిన క్వార్టర్ నుంచి 3 పాయింట్ల పని 5 అవుతుంది.

ఇలా కూర్చున్నాక మీ రీసెర్చ్ ప్రశ్నే మారిపోవచ్చు, మారితే మంచిదే. 2013లో అల్బెర్టో బక్కెల్లి, క్రిస్టియన్ బర్డ్ మైక్రోసాఫ్ట్‌లో ఇదే విషయం చూశారు. డెవలపర్లని, మేనేజర్లని అడిగితే రివ్యూ చేసేది బగ్గులు పట్టడానికే అన్నారు, తీరా రివ్యూ కామెంట్లు తీసి చూస్తే బగ్గులు పట్టినవి అనుకున్నంత లేవు, ఎక్కువ భాగం కోడ్ శుభ్రం చెయ్యడం గురించే, దాంతోపాటు ఒకరి కోడ్ ఇంకొకరికి తెలియడం, టీమ్‌కి అవగాహన పెరగడం లాంటి లాభాలు బయటపడ్డాయి. మీరు "రివ్యూ వల్ల బగ్గులు తగ్గాయా" అని ఒక్కటే కొలిస్తే, టీమ్ దేనికోసం రివ్యూ చేస్తోందో అదే కొలతలోంచి జారిపోవచ్చు.

ఇక పర్మిషన్. ఫ్రెండ్ సరే అన్నాడంటే గేటు దాకా వచ్చినట్టు, అంతే. కంపెనీ ఏ రకమో ముందు తెలుసుకోండి. సర్వీసెస్ కంపెనీ అయితే ఆ కోడ్, ఆ టికెట్లు చాలావరకు క్లయింట్‌వి, మీ ఫ్రెండ్‌కే కాదు అతని పైవాళ్లకి కూడా సొంతంగా ఇచ్చే హక్కు ఉండకపోవచ్చు, క్లయింట్‌తో ఉన్న మాస్టర్ అగ్రిమెంట్‌లో ఏముందో లీగల్ చూడాలి. బయటి దేశం కంపెనీ ఇక్కడ పెట్టుకున్న జీసీసీ (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్) అయితే లీగల్, సెక్యూరిటీ నిర్ణయాలు తరచుగా హెడ్ ఆఫీస్‌లో జరుగుతాయి, నెలలు పడుతుంది, ప్లాన్‌లో అది వేసుకోండి. చిన్న ప్రోడక్ట్ కంపెనీ అయితే ఫౌండర్ ఒక్క కప్పు టీ తాగేలోపు ఓకే అనేస్తాడు, కానీ అక్కడ రెండేళ్ల డేటాలో టీమ్ సగం మారిపోయి ఉంటుంది. ఏ రకమైనా సరే, ఫ్రెండ్ డంప్‌ని పెన్‌డ్రైవ్‌లోనో పర్సనల్ మెయిల్‌కో పంపిస్తానంటే వద్దనండి. ఆయన ఉద్యోగానికే ఎసరు, మీ థీసిస్ కూడా ఆ డేటా మీద నిలబడదు.

రాతపూర్వకంగా ఉండాల్సినవి కొన్ని: ఏ డేటా, ఎవరి మెషీన్ మీద ఎనలైజ్ చేస్తారు (వాళ్ల ల్యాప్‌టాప్ మీదే అంటే సంతోషంగా ఒప్పుకోండి, మీకు ఆ రిస్క్ ఉండదు), పేర్లు ఎవరు తీసేస్తారు, ఎప్పుడు డిలీట్ చేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం పబ్లికేషన్ క్లాజ్. మామూలు ఎన్‌డీఏ (రహస్యాలు బయటపెట్టబోమనే ఒప్పందం) పెట్టి సంతకం చెయ్యమంటారు, అందులో "కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ ప్రచురించరాదు" అని ఉంటుంది, అలాగే సంతకం చేస్తే మీ పీహెచ్‌డీ వాళ్ల చేతిలో పెట్టినట్టే. మీ గైడ్‌ని, యూనివర్సిటీని కూర్చోబెట్టి ఇలా మార్పించుకోండి: డ్రాఫ్ట్ ముందుగా చూపిస్తాం, రహస్య సమాచారం ఉంటే ఫలానా గడువులోపు చెప్తే తీసేస్తాం, ఫలితం నచ్చలేదని మాత్రం ఆపకూడదు. ఈ చివరి ముక్క కోసం కాస్త గట్టిగానే నిలబడాలి. ఒప్పుకోకపోతే వేరే కంపెనీ చూసుకోవడం మేలు.

మేనేజర్లు మారతారు, రీఆర్గ్ అవుతుంది, మీ ఫ్రెండే ఆర్నెల్లలో వేరే ఆఫర్ చూసుకుంటాడు. కాబట్టి ఒక్కరి మీద ఆధారపడకుండా టీమ్‌లో ఒక లీడ్, క్వాలిటీలోనో ఇంజనీరింగ్ ప్రాసెస్‌లోనో ఒకరు, పైన ఒక డైరెక్టర్, ఇలా ముగ్గురికి మీ పని తెలిసి ఉండాలి. ఇండస్ట్రీ, అకాడమీ కలిసి ఎక్కువకాలం నడిచిన ఉదాహరణ అంటే నాసా గొడార్డ్ సెంటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ల్యాబొరేటరీనే చెప్పాలి, 1976లో మొదలై దాదాపు పాతికేళ్లు నడిచింది. నాసా, మేరీలాండ్ యూనివర్సిటీ, కంప్యూటర్ సైన్సెస్ కార్పొరేషన్ మూడూ అందులో భాగస్వాములు. అక్కడ మేరీలాండ్ ప్రొఫెసర్ విక్టర్ బాసిలీ వాళ్లు పట్టుకున్న పద్ధతినే గోల్, క్వశ్చన్, మెట్రిక్ అంటాం. ముందు ఎందుకు కొలుస్తున్నామో, తర్వాత ఏం తెలుసుకోవాలో, ఆ తర్వాతే ఏ నంబర్ కావాలో. మన దగ్గర చాలా థీసిస్‌లు దీన్ని తిరగేసి నడుస్తాయి, దొరికిన నంబర్‌కి ప్రశ్న వెతుక్కుంటారు. అక్కడ అన్నేళ్లు నడవడానికి ఇంకో కారణం, ప్రాజెక్టుల నుంచి తీసుకున్న డేటాలో నేర్చుకున్నది మళ్లీ ఆ ప్రాజెక్టులకే తిరిగిచ్చేవాళ్లు. మీరూ పేపర్ వచ్చేదాకా ఆగకుండా నెలా రెండు నెలల్లో టీమ్‌కి ఏదో ఒకటి చూపించండి. "మీ పీఆర్‌లు సగటున ఎంతసేపు ఎవరి దగ్గర ఆగుతున్నాయి" అనే చిన్న గ్రాఫ్ చాలు. దాన్ని చూసి వాళ్లే "అది అలా కాదండీ, ఆ వారం బిల్డ్ సర్వర్ పడిపోయింది" అని సరిచేస్తారు, మీకు అంతకన్నా మంచి వాలిడేషన్ దొరకదు. జాగ్రత్త, ఆ గ్రాఫ్‌లో మనుషుల పేర్లు మాత్రం పెట్టకండి, మేనేజర్ అడిగినా ఇవ్వకండి. ఒక్కసారి మీ లెక్క ఎవరి అప్రైజల్లోనైనా కనిపించిందంటే ఆ ఫ్లోర్‌లో మళ్లీ ఎవరూ మీతో నోరు విప్పరు.

ఇంటర్వ్యూల సంఖ్య అడిగారు కదా. గూగుల్‌లో 2018లో కెయిట్లిన్ సడౌస్కీ వాళ్లు కోడ్ రివ్యూ మీద చేసిన స్టడీలో 90 లక్షల చేంజ్‌ల లాగ్‌లు వాడారు, అయినా 12 ఇంటర్వ్యూలు, 44 మందితో సర్వే చేశారు. లాగ్‌లు అన్ని ఉన్నా మనుషుల్ని అడక్క తప్పలేదు, అలాగని వందలమందిని అడగనూ లేదు. కొత్త విషయాలు రావడం ఆగిపోయేదాకా చెయ్యాలి, అది ఎక్కడ ఆగిందో మీ నోట్స్‌లో చూపించగలగాలి. సంఖ్య కన్నా ఎవర్ని అడిగారన్నది ముఖ్యం. మేనేజర్‌ని "ఎవరితో మాట్లాడాలి" అని అడిగితే టీమ్‌లో చక్కగా మాట్లాడే నలుగుర్ని పంపిస్తాడు, పెళ్లిచూపులకి సర్దిన ఇల్లు చూసొచ్చినట్టు ఉంటుంది. మీరే లిస్ట్ తీసుకుని ఫ్రెషర్, పదేళ్ల సీనియర్, టెస్టర్, కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లు, ఈమధ్యే టీమ్ మారినవాళ్లు, అందరూ పడేలా చూసుకోండి. రాజీనామా చేసి నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లు దొరికితే అస్సలు వదలకండి, వాళ్లంత ఓపెన్‌గా ఎవరూ చెప్పరు (కాస్త కోపం కలిసి ఉంటుంది, అది వేరుగా లెక్కేసుకోండి).

అప్రైజల్ సీజన్‌లో, రిలీజ్ వారంలో వెళ్లకండి. గ్లాస్ రూమ్‌లో బయట మేనేజర్ అటూఇటూ తిరుగుతుంటే ఎవడూ ఏం చెప్పడు. "మీరు రివ్యూ జాగ్రత్తగా చేస్తారా" అని అడిగితే వచ్చే సమాధానం మీకూ తెలుసు నాకూ తెలుసు. దాని బదులు "మీరు చివరగా అప్రూవ్ చేసిన పీఆర్ తెరవండి, మొదట ఏ ఫైల్ చూశారు, ఏది వదిలేశారు, ఎందుకు" అని స్క్రీన్ ముందు కూర్చుని అడగండి. అప్పుడు వస్తాయి అసలు మాటలు, "ఇది సీనియర్ రాసింది సార్, కామెంట్ పెడితే బాగోదని ఫోన్ చేసి చెప్పా" లాంటివి. సీనియర్‌కి రాతలో తప్పు చూపించడానికి జంకి నోటితో చెప్పడం మన టీమ్‌లలో చాలా మామూలు, అది లాగ్‌లో ఎక్కడా దొరకదు. ఇంటర్వ్యూ తెలుగు ఇంగ్లిష్ కలిపి సాగుతుంది, సాగనివ్వండి. ఆటోమేటిక్ ట్రాన్‌స్క్రిప్షన్ ఆ కలగాపులగాన్ని ఖూనీ చేస్తుంది కాబట్టి చేత్తో సరిచేసుకోవాలి, కోడింగ్ (ఇంటర్వ్యూ మాటలకి అంశాలవారీగా లేబుళ్లు పెట్టడం) అంతా వాళ్లు మాట్లాడిన భాషలోనే చేసి, పేపర్‌లో పెట్టే మాటల్ని మాత్రం చివర్న అనువాదం చేసుకోండి.

పైనుంచి "అందరూ కోఆపరేట్ చెయ్యండి" అని మెయిల్ వెళ్తే దాన్ని కన్సెంట్ అనరు. వద్దనే వీలు నిజంగా ఉండాలి, ఎవరు వద్దన్నారో మేనేజర్‌కి తెలియకూడదు. మీ కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటే అప్రూవల్ ముందే తీసుకోండి, లేకపోతే యూనివర్సిటీలో అడగండి. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది, కమిట్‌లో ఉండే పేరు, మెయిల్ ఐడీ కూడా పర్సనల్ డేటానే. చెప్పకుండా మనుషుల మీద ప్రయోగం చేస్తే ఎలా ఉంటుందో 2021లో మిన్నెసోటా యూనివర్సిటీవాళ్లకి తెలిసొచ్చింది, లైనక్స్ కెర్నల్ మెయింటెయినర్లు పట్టుకుంటారో లేదో చూద్దామని కావాలని తప్పులున్న ప్యాచ్‌లు పంపితే, ఆ గొడవ ముదిరి మొత్తం యూనివర్సిటీ నుంచి వచ్చే ప్యాచ్‌లనే ఆపేశారు.

డేటా నమ్మొద్దన్నా కదా అని మనుషుల మాటే నమ్మెయ్యకండి మళ్లీ. 2025లో మెటర్ అనే సంస్థ అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు తమ ప్రాజెక్టుల నుంచి తెచ్చిన 246 పనులు తీసుకుని, ఏ పనికి ఏఐ టూల్ వాడొచ్చో లాటరీ పద్ధతిలో తేల్చింది. పని మొదలుపెట్టేముందు ఏఐ ఉంటే 24 శాతం తక్కువ టైమ్ పడుతుందనుకున్నారు, అయిపోయాక కూడా 20 శాతం తగ్గిందనే అన్నారు, కొలిస్తే 19 శాతం ఎక్కువ పట్టింది. సొంత పని గురించి సొంత అంచనాయే అంత తేడా. అందుకే లాగ్ ఒకటి చెప్పి మనిషి ఇంకోటి చెప్పినచోట ఏదో ఒకటి పారేయకుండా, ఆ తేడా ఎందుకొచ్చిందో తవ్వండి. నా అనుభవంలో మంచి పేపర్లన్నీ అక్కడే దొరికాయి.

ఇప్పుడు మీ టెస్ట్. పేరు కన్నా ముందు మూడు చిక్కులు చూసుకోండి. ఒకే డెవలపర్ పెట్టిన పీఆర్‌లు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు, ఒకే టీమ్‌వీ అంతే, కాబట్టి మామూలు కోరిలేషన్‌తో ఆపకుండా డెవలపర్‌ని, టీమ్‌ని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్ వైపు వెళ్లండి. పెద్ద ఫైల్‌కి బగ్గులూ ఎక్కువే, రివ్యూ కామెంట్లూ ఎక్కువే, సైజ్ కంట్రోల్ చెయ్యకపోతే "రివ్యూ ఎక్కువైతే బగ్గులు పెరుగుతాయి" అని తేలుతుంది. సైజ్ కంట్రోల్ చేసినా ఇంకోటి ఉంది, ప్రమాదకరమైన మార్పుని టీమే భయపడి ఎక్కువమందికి చూపిస్తుంది, అంటే రివ్యూ వల్ల రిస్క్ రాలేదు, రిస్క్ వల్ల రివ్యూ వచ్చింది. దీన్ని ఏ టెస్టూ దానంతటది పట్టుకోదు, ఏ మార్పులంటే భయమో టీమ్‌ని అడిగి గుర్తు పెట్టించుకోవాల్సిందే. ఇక పీ వాల్యూ (ఇలాంటి ఫలితం కాకతాళీయంగా రాగలదా అని చూసే సంఖ్య) అంటారా, వేల కమిట్లు ఉంటే దాదాపు ఏదైనా సిగ్నిఫికెంట్ అవుతుంది, ఎఫెక్ట్ ఎంతో చెప్పండి.

"ఒక్క కంపెనీయేనా" అని పేపర్ రివ్యూయర్లు కచ్చితంగా అడుగుతారు. 2009లో లండ్ యూనివర్సిటీ నుంచి పెర్ రూనెసన్, మార్టిన్ హోస్ట్ సాఫ్ట్‌వేర్ కేస్ స్టడీల మీద రాసిన గైడ్‌లైన్స్ ఇలాంటిచోట పనికొస్తాయి, మొదటి రోజే చదివి ప్రోటోకాల్ రాసుకోండి. ఒక్క కంపెనీ అయినా డొమైన్ ఏంటి, టీమ్ ఎంత, రిలీజ్ ఎన్నాళ్లకోసారి, రివ్యూ తప్పనిసరా కాదా, క్లయింట్ కాంట్రాక్ట్ ఎలాంటిది అన్నీ వివరంగా రాస్తే, చదివేవాళ్లు తమ కంపెనీకి ఇది వర్తిస్తుందో లేదో తేల్చుకుంటారు. మన రీసెర్చ్‌లో ఎక్కువగా వినపడేది మైక్రోసాఫ్ట్, గూగుల్ లోపలినుంచి వచ్చిన ఫలితాలే, వాళ్లకి డేటా ఇంట్లోనే ఉంది. క్లయింట్ కాంట్రాక్టుల కింద నడిచే టీమ్‌లో రివ్యూ ఎలా జరుగుతుందో చెప్పే స్టడీకి విలువ లేకపోవడమేం ఉండదు, కాంటెక్స్ట్ దాచకుండా రాయాలంతే.

ఎక్కడ పంపాలంటే, ఇన్నోవేషన్స్ ఇన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ కాన్ఫరెన్స్ ఉంది (మొదట్లో దాని పేరు ఇండియా సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ కాన్ఫరెన్స్), 2008లో మొదటిది మన హైదరాబాద్‌లోనే జరిగింది, మొదటి పేపర్‌కి చక్కటి చోటు. తర్వాత ఐసీఎస్‌ఈ (ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్ ఆన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్) ఇండస్ట్రీ ట్రాక్ చూడండి. ప్రమోషన్ కోసం డబ్బు కట్టి వేయించుకునే జర్నల్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు, కంపెనీవాళ్లు అంత టైమ్ ఇచ్చాక అది వాళ్లకీ అవమానమే.

మీ ఫ్రెండ్‌ది సర్వీసెస్సా, జీసీసీనా, ప్రోడక్టా చెప్పలేదు మీరు. అది చెప్పి, వాళ్లు ఇచ్చిన ఎన్‌డీఏలో పబ్లికేషన్ గురించి ఉన్న పేరా (కంపెనీ పేరు తీసేసి) ఇక్కడ పెడితే ఏ వాక్యం మార్పించుకోవాలో చూసి చెప్తా.